ఎగ్జిబిషన్‌లో మన స్టాలు: చరిత్ర చెప్పిన పాఠాలు

జనవరి నెల వచ్చిందంటే హైదరాబాదులో స్థిరపడిన మన సభ్యులలో చాలామందికి ఒక ఆనవాయితీ ఉంది. పెన్షను అందిన వారంలోనే ఒక సాయంత్రం చూసుకుని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళతారు. మిర్చిబజ్జీ తింటారు, చాయ్ తాగుతారు, మనుమలను బొమ్మ రైలెక్కిస్తారు. ఒకప్పుడు మన సంస్థ స్టాలు ఉండిన వరుసలోకి రాగానే మాత్రం ఎవరికైనా నడక నెమ్మదిస్తుంది. "ఇక్కడే కదండీ మనం కూర్చున్నది" అని ఒకరు అంటే, "కూర్చోవడమా! నలభై ఆరు రోజులు నిలబడ్డాం" అని ఇంకొకరు దిద్దుతారు.

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు నాకు మొదట తోచినది ఆ స్టాలే. అయితే ఉత్త జ్ఞాపకాలు రాస్తే రాసినవాడికి ఉన్నంత రుచి చదివేవారికి ఉండదు. అందుచేత ప్రదర్శనల చరిత్ర కొంత, మన అనుభవం కొంత కలిపి మనవి చేస్తున్నాను. ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టినవారందరూ లాభపడరు. ఎవరు లాభపడ్డారు, ఎందువల్ల లాభపడ్డారు అన్నదే ఈ వ్యాసంలో ముచ్చటించుకోదలచిన విషయం.

సంత వేరు, ప్రదర్శన వేరు

వారానికొక అంగడి, ఏడాదికొక జాతర మనకు తరతరాలుగా తెలిసినవే. సరుకు తేవడం, అమ్మడం, డబ్బు మూటగట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం సంత పద్ధతి. వ్యాపార ప్రదర్శన పద్ధతి అది కాదు. అక్కడ సరుకు ఉండదు, నమూనా ఉంటుంది. కొనదలచినవాడు నమూనా చూసి, ధర అడిగి, ఆర్డరు రాసి వెళతాడు. సరుకు తర్వాత వస్తుంది. మధ్యలో ఉన్నది నమ్మకం ఒక్కటే.

ఈ మార్పు స్పష్టంగా కనిపించిన ఊరు జర్మనీలోని లైప్‌జిగ్. 12వ శతాబ్దం నుంచీ అక్కడ పెద్ద సంతలు జరిగేవి. 1497లో మొదటి మాక్సిమిలియన్ ఆ సంతలకు ప్రత్యేక హక్కులు ప్రసాదించాడు. కొన్ని వందల ఏళ్లు వర్తకులు బళ్లమీద సరుకు వేసుకుని అక్కడికి వచ్చారు. రైళ్లు వచ్చిన తర్వాత, కార్ఖానాల్లో ఒకే రకం వస్తువు వేలకొద్దీ తయారవడం మొదలైన తర్వాత, సరుకంతా మోసుకురావలసిన అవసరం తీరిపోయింది. ఒక్క నమూనా చాలు, మిగిలినవన్నీ దాని పోలికే. 1895 నుంచి లైప్‌జిగ్‌లో నమూనాల ప్రదర్శన జరగసాగింది. ఒకదానిమీద ఒకటి నిలిపిన రెండు 'ఎం' అక్షరాలు 1917 నుంచి దాని గుర్తు. 'నమూనాల సంత' అనే అర్థం వచ్చే జర్మన్ మాటకు అవి పొడి అక్షరాలు.

నమూనా చూపించడం అంటే ఒక మాట ఇవ్వడమే. 'మీ ఇంటికి వచ్చే వస్తువు ఇలాగే ఉంటుంది, చెప్పిన రోజుకు వస్తుంది' అన్నది ఆ మాట. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు చెప్పబోయే కథలన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

గాజు మేడలో కోహినూరు

ఆధునిక ప్రదర్శనలకు ఆదిపర్వం 1851లో లండన్‌లో జరిగింది. హైడ్ పార్కులో ఇనుము, గాజు కలిపి కట్టిన భవనాన్ని జనం క్రిస్టల్ ప్యాలెస్ అన్నారు. దాని రూపకర్త జోసెఫ్ పాక్స్‌టన్ వృత్తిరీత్యా తోటల పెంపకందారు. మొక్కల కోసం గాజు ఇళ్లు కట్టిన అనుభవంతోనే ఆయన అంత పెద్ద కట్టడాన్ని కొద్ది నెలల్లో నిలబెట్టగలిగాడు. మే 1న మొదలై అక్టోబరు వరకు సాగిన ఆ ప్రదర్శనను 60 లక్షల పైచిలుకు దర్శించారు. వస్తువులు తెచ్చినవారు సుమారు 14,000 మంది, తెచ్చిన వస్తువులు లక్ష దాకా ఉన్నాయి. మొదట్లో టికెట్టు ధర ఎక్కువగా ఉండేది. తర్వాత వారంలో కొన్ని రోజులు ఒక్క షిల్లింగుకు తగ్గించడంతో కూలివారు, రైతులు కూడా ఎక్స్‌కర్షన్ రైళ్లలో తరలివచ్చారు.

అన్ని వస్తువులలోకీ పేరుమోసినది మన కోహినూరు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనుల్లో అది దొరికిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే తెలుగు నేల వజ్రమన్నమాట. దాన్ని బంగారు పూత పంజరంలాంటి పెట్టెలో పెట్టి చూపించారు. చూడడానికి జనం విరగబడ్డారు. తీరా చూసినవారు పెదవి విరిచారు. పాత పద్ధతిలో సానపట్టిన వజ్రం కావడంవల్ల వారు ఆశించిన తళుకు కనిపించలేదు. చుట్టూ చీకటిచేసి గ్యాసు దీపాలు పెట్టినా అసంతృప్తి తీరలేదు. మరుసటి ఏడు, 1852లో, ఆ వజ్రాన్ని మళ్లీ కోయించారు. సుమారు 186 క్యారట్ల రాయి 106 క్యారట్లకు తగ్గిపోయింది.

కోహినూరుకు లేని గొప్పతనమా? అయినా ప్రదర్శనలో అది ఓడిపోయింది. పేరు జనాన్ని పెట్టె దాకా రప్పించగలిగింది, అంతే. అక్కడికి వచ్చినవాడి కంటికి వస్తువు తన గుణాన్ని తాను చూపించుకోవాలి.

అదే భవనంలో జర్మనీ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ క్రుప్ రెండు టన్నుల బరువుగల ఒకే ఉక్కు దిమ్మెను తెచ్చి నిలిపాడు. అంత పెద్ద ఉక్కు దిమ్మెను లోపం లేకుండా పోత పోయడం ఆనాటికి చాలా కష్టమైన పని. ఉక్కు సంగతి తెలిసిన ప్రతివాడూ దాని ముందు ఆగిపోయాడు. అత్యున్నత పతకం ఆయనకు దక్కింది. ఆయన వందరకాల వస్తువులు పరచలేదు. తాను మాత్రమే చేయగల ఒక్క పనిని చూపించాడు.

అమెరికా నుంచి వచ్చిన మాక్‌కార్మిక్ కోతయంత్రం కథ ఇంకా విచిత్రం. దాని ఆకారం చూసి లండన్ పత్రిక ఒకటి ఎగతాళి చేసింది. యంత్రం ప్రదర్శనశాలలో ఊరికే పడి ఉన్నంతకాలం ఎవరికీ దాని విలువ తెలియలేదు. జూలైలో ఎసెక్స్ ప్రాంతంలోని ఒక రైతు పొలంలో పరీక్ష ఏర్పాటు చేశారు. ఆ రోజు వాన, చేను ఇంకా పచ్చిగానే ఉంది. పోటీకి వచ్చిన ఇంకొక యంత్రం ఆ తడిచేలో మొరాయించింది. మాక్‌కార్మిక్ యంత్రం మాత్రం కోసుకుంటూ ముందుకు పోయింది. ఎగతాళి చేసినవారే మెచ్చుకున్నారు. దానికీ అత్యున్నత పతకం వచ్చింది.

తాడు తెంపినవాడు, మాట వినిపించినవాడు

యంత్రం పనిచేస్తూ కనిపించాలన్న సూత్రాన్ని పరాకాష్ఠకు తీసుకుపోయినవాడు ఎలీషా ఓటిస్. 1854లో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనలో, జనం చూస్తుండగా, తాడుతో పైకి లాగిన వేదికమీద నిలబడి ఆ తాడును తెగకొట్టించాడు. చూసేవారి గుండెలు జారాయి కాని వేదిక కొద్ది అంగుళాలు దిగి ఆగిపోయింది. కిటుకు చాలా చిన్నది. తాడు బిగువుగా ఉన్నంతసేపు బండికి వాడే స్ప్రింగు ఒకటి వంగి ఉంటుంది. తాడు తెగగానే అది చాచుకుని, రెండు పక్కలా ఉన్న పళ్ల పట్టాలలో ఇరుక్కుంటుంది. అప్పటిదాకా లిఫ్టు అంటే జనానికి ఉన్నది ఒకే భయం. తాడు తెగితే ఏం గతి? ఓటిస్ ఆ భయాన్ని దాచిపెట్టలేదు. దాన్నే నడివేదికమీద పెట్టి జవాబు చెప్పాడు. 1857లో ఆయన కంపెనీ లిఫ్టు న్యూయార్కులోని ఒక దుకాణంలో మనుషులను మోయడం ప్రారంభించింది. ఎత్తయిన భవనాలకు దారి తెరుచుకుంది.

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు గ్రాహం బెల్ తన టెలిఫోను తీసుకువెళ్లాడు. నిజానికి ఆయనకు వెళ్లడం ఇష్టం లేదు. తన విద్యార్థుల పరీక్షల పనిలో ఉన్నాడు. కాబోయే భార్య మేబెల్ బలవంతాన రైలెక్కించింది. అక్కడ ఆయన బల్ల విద్యాశాఖ వస్తువుల మధ్య ఒక మూల ఉంది. జూన్ 25 ఆదివారం, విపరీతమైన ఉక్క. న్యాయనిర్ణేతలు తిరిగి తిరిగి అలసిపోయి, ఇక చాలునని వెనుదిరగబోతున్నారు. వారి వెంట ఉన్న బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెడ్రో బెల్‌ను గుర్తుపట్టి పలకరించాడు. అంతకుముందు బోస్టన్‌లో బధిరుల పాఠశాల చూడడానికి వెళ్లినప్పుడు ఏర్పడిన పరిచయం అది. చక్రవర్తి ఆగితే న్యాయనిర్ణేతలూ ఆగక తప్పలేదు. తీగ అవతలి కొసనుంచి మాట వినిపించేసరికి అందరూ నిర్ఘాంతపోయారు. గొప్ప శాస్త్రవేత్త విలియం థామ్సన్ వారిలో ఒకడు.

దీన్ని అదృష్టమని కొట్టిపారేయవచ్చు. కాని చక్రవర్తి ఆగింది యంత్రం కోసం కాదు, ఎరిగిన మనిషి కోసం. ప్రదర్శనకు ముందే సంపాదించుకున్న పరిచయం ప్రదర్శనలో అక్కరకు వచ్చింది. ఎవరూ రాని మూల అయినా బెల్ తన బల్లను విడిచిపోకుండా నిలబడి ఉన్నాడు. అదీ గమనించాలి.

మూల స్టాలు దొరికిందని దిగులుపడేవారికి హైంజ్ కథ చెప్పాలి. 1893లో చికాగోలో జరిగిన ప్రదర్శనలో ఈ ఊరగాయల వ్యాపారికి మేడమీద చోటిచ్చారు. కిందనే కాళ్లు లాగిన జనం మెట్లెక్కడం మానేశారు. ఆయన చిన్న చీటీలు అచ్చువేయించి మైదానమంతా జారవిడిపించాడు. చీటీ తెచ్చి మా స్టాలులో చూపిస్తే బహుమతి ఇస్తామన్నది దానిమీది మాట. జనం మేడమీదికి పోటెత్తారు. వారికి ఊరగాయ రుచి చూపించి, ఊరగాయ ఆకారంలో ఉన్న చిన్న పతకం చేతిలో పెట్టాడు. అలా పంచినవి పదిలక్షల పైమాటేనని చెబుతారు. బహుమతి ఆశ మెట్లెక్కించినా, తర్వాత కొట్లో అదే సీసా అడిగి కొనిపించింది నాలుకకు తగిలిన రుచే.

కాకినాడ గుమ్మంలో ఒక బాలిక

ఇక మన గడ్డకు వద్దాం. కాంగ్రెసు మహాసభలతోపాటు స్వదేశీ వస్తు ప్రదర్శనలు జరపడం 20వ శతాబ్దం ఆరంభం నుంచే ఉన్నది. 1923లో కాకినాడలో మహాసభ జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన ఏర్పాటైంది. గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడినది పద్నాలుగేళ్ల రాజమండ్రి బాలిక దుర్గాబాయి. టికెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్టు లేదు. ఆమె ఆపింది. నిర్వాహకులు కంగారుపడి ఆమెను కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేశానని ఆమె నిబ్బరంగా బదులిచ్చింది. టికెట్టు కొన్న తర్వాతనే నెహ్రూగారు లోపలికి వెళ్లారు. ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు కూడా. ఆ బాలికే తర్వాత ఆంధ్ర మహిళా సభ స్థాపించి, రాజ్యాంగ సభలో సభ్యురాలై, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా మనకందరికీ పూజనీయురాలైంది.

నేను ఈ ఉదంతాన్ని స్టాలు డ్యూటీ పడిన ప్రతి కుర్రవాడికీ చెప్పేవాణ్ణి. ప్రదర్శనకు వచ్చిన మనిషి సంస్థ అధ్యక్షుణ్ణి చూడడు. డైరెక్టరును చూడడు. గుమ్మంలో ఉన్నవారినే చూస్తాడు. అతని లెక్కలో వారే సంస్థ.

పబ్లిక్ గార్డెన్స్ నుంచి నాంపల్లి దాకా

హైదరాబాదు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభమైంది. ఉస్మానియా పట్టభద్రుల సంఘంవారు సంస్థానం ఆర్థిక స్థితిగతులపై సర్వే జరపదలచి, అందుకు కావలసిన నిధుల కోసం ఈ ఆలోచన చేశారు. 'నుమాయిష్ మస్నూఆతె ముల్కి' అని పేరు పెట్టారు. స్థానికంగా తయారైన వస్తువుల ప్రదర్శన అని అర్థం. ఏడవ నిజాం ప్రారంభోత్సవం చేశారు. వందకు మించని స్టాళ్లు, పది రోజుల ముచ్చట. వరంగల్లు ఆజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ అప్పటికి కొత్తవి. మన దగ్గర కూడా వస్తువులు తయారవుతున్నాయని మనవారికే చూపించవలసిన కాలం అది.

చోటు చాలక 1946లో ప్రదర్శనను ఇప్పటి మైదానానికి మార్చారు. 1947, 1948 సంవత్సరాల కల్లోలంలో జరగలేదు. 1949 నుంచి 'అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన' అనే పేరు వచ్చింది. కాలక్రమేణా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నలభై ఆరు రోజుల పండుగ అయింది. వంద స్టాళ్లు రెండువేలు దాటాయి. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ పని, ప్రభుత్వశాఖల స్టాళ్లు, జైళ్లశాఖవారి తయారీలు అన్నీ ఒక్కచోట చేరాయి. మిగులు ధనాన్ని ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలకు వినియోగించింది. మైదానం ప్రాంగణంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అందుకు సాక్ష్యం. 1851 నాటి లండన్ ప్రదర్శనలో మిగిలిన సుమారు 1,86,000 పౌన్లతో సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొని మ్యూజియములకు, విద్యాసంస్థలకు పునాది వేశారు. మంచి ప్రదర్శన ముగిసిన తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుందనడానికి ఇవి రెండూ నిదర్శనాలు.

2019 జనవరి 30 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో నుమాయిష్ స్టాళ్లు అనేకం బుగ్గి అయ్యాయి. ప్రాణనష్టం లేకపోయినా, సరుకు పోగొట్టుకున్న చిన్న వ్యాపారుల దుఃఖం చూసినవారికి తెలుసు. కొద్దిరోజుల్లోనే ప్రదర్శన మళ్లీ తెరుచుకుంది. కరోనా కారణంగా 2021లో జరగనేలేదు. అన్నిటినీ తట్టుకుని నుమాయిష్ మళ్లీ నిలబడింది.

ఢిల్లీలో 1972లో ఆసియా ప్రదర్శనతో ప్రగతి మైదాన్‌కు పేరు వచ్చింది. 1980 నుంచి అక్కడ నవంబరు 14న అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన మొదలుపెట్టడం ఆనవాయితీ. మొదటి కొన్ని రోజులు వ్యాపారస్తులకు, తర్వాత సామాన్యులకు అని అక్కడ విభజన పాటిస్తారు. హైదరాబాదులో 2003లో హైటెక్స్ వచ్చాక కేవలం వ్యాపారస్తుల కోసం జరిగే ప్రదర్శనలు కూడా మనకు అలవాటయ్యాయి.

మన స్టాలు, మన రిజిస్టర్లు

ఇప్పుడు మన సంగతి. 1970ల మధ్యలో నాకు మొదటిసారి స్టాలు డ్యూటీ పడింది. మనవి పొలాలకు వాడే మోటారు పంపుసెట్లు. ఆ ఏడు స్టాలు అలంకరణకు చాలా శ్రమపడ్డాం. మోటార్లకు కొత్తగా రంగు వేయించి, ఎర్రటి వెల్వెట్ గుడ్డ పరిచిన మెట్లమీద పెట్టాం. 'తాకరాదు' అని బోర్డు కట్టాం. సంక్రాంతి తర్వాత జిల్లాలనుంచి రైతులు రావడం మొదలైంది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి చాలాసేపు నిలబడి చూసి అడిగాడు:

"తిప్పి సూపియ్యరా సారూ? ఉత్తగ సూస్తే నీళ్లెన్ని పోస్తదో ఎట్ల ఎర్కైతది?"

ఇక్కడ నీళ్ల ఏర్పాటు లేదండీ అన్నాను. ఆయన నవ్వాడు. అయినా ధర అడిగాడు. బావి లోతు ఎంతో, పొలం ఎంతో చెప్పాడు. భూమి తనఖా బ్యాంకులో అప్పు కోసం కొటేషన్ కాగితం కావాలన్నాడు. పేరు, ఊరు రిజిస్టరులో రాసుకుని, పది రోజుల్లో ఇంటికి ఉత్తరం వస్తుందని చెప్పాను. అలాంటి పేర్లతో రెండు రిజిస్టర్లు నిండాయి.

ఆ ఏడు మన స్టాలు అలంకరణకు షీల్డు వచ్చింది. పై ఆఫీసుకు పంపిన నివేదికలో 'విశేష ప్రజాదరణ' అని రాశాం. షీల్డును గాజు అల్మరాలో పెట్టారు. రిజిస్టర్లను స్టాలు ఖర్చుల ఫైలుతో కలిపి చెక్క అల్మరాలో పెట్టారు. తర్వాత మార్చి నెల, లెక్కలు మూసే హడావిడి. ఉత్తరాలు రాయవలసింది మా సెక్షనా, అమ్మకాల సెక్షనా అని నోట్ ఫైలు రెండు బల్లల మధ్య తిరిగింది. తేలలేదు. ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

మరుసటి ఏడు జనవరిలో ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు.

"పోయినేడు నా పేరు రాస్కున్నరు గద సారూ. కాయితం వస్తదని ఉగాది దాక సూసిన. కాయితం లేంది లోను కాదన్నరు బ్యాంకోళ్లు. గడువు పోయింది. మోట కొట్టి ఎంత పారిస్తం? యాసంగి ఎకరం ఎండిపోయింది."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. జరిగినది జరిగినట్లు చెప్పి, మళ్లీ మోటారు వైపు చూశాడు. ఆ ఏడు మేము సిమెంటు తొట్టి కట్టించి, పంపుతో నీళ్లు పైకి పోయిస్తున్నాం. ఆయన చేయి పెట్టి ధార వేగం చూసుకున్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని నా చేత్తోనే కొటేషన్ రాసి, సీలు వేయించి, మా ఇన్‌చార్జి గారి సంతకం చేయించి ఆయన చేతిలో పెట్టాను. కాగితాన్ని మడిచి బనీను జేబులో పెట్టుకుంటూ, "గిదే పోయినేడు ఇస్తే అయిపోవు" అన్నాడు. అంతే.

ఆ రాత్రినుంచి మా పద్ధతి మారింది. స్టాలు మూసిన తర్వాత గంటసేపు ఇద్దరం కూర్చుని, ఆనాటి పేర్లన్నిటికీ సైక్లోస్టైలు తీసిన ధరల పట్టీతో కవర్లు రాసేవాళ్లం. ఇంటికి పోతూ నాంపల్లి స్టేషను దగ్గర తపాలా డబ్బాలో వేసేవాళ్లం. ఎవరి సెక్షను పని అని మళ్లీ ఎవరినీ అడగలేదు. ఆ ఏడు షీల్డు రాలేదు. వేసవిలో మాత్రం డెలివరీ రిజిస్టరు తిరగేస్తుంటే ఆ పెద్దమనిషి ఊరిపేరు కనిపించింది. ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రమోషన్ల తేదీలు ఇప్పుడు చెప్పలేను గాని, ఆ పుట మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంది.

చరిత్ర చెప్పిన ఆరు మాటలు

పై కథలనుంచి తేలిన సారాంశం మన పద్ధతిలో అంకెలు వేసి చెబుతాను.

1. ఏమి చూపించాలో ముందే తేల్చుకోవాలి. కొట్టంతా తెచ్చి పరిచేకన్నా, మనం మాత్రమే చేయగల ఒక్కటి చాలు. క్రుప్ దిమ్మె ఒక్కటే.

2. వస్తువు పనిచేస్తూ కనిపించాలి. తినేదయితే రుచి చూపించాలి, నేసేదయితే మగ్గం ఆడించాలి, తోడేదయితే నీళ్లు పోయించాలి.

3. కొనేవాడి మనసులోని భయాన్ని దాటవేయకూడదు. ఓటిస్‌లాగా దానికే ముందు జవాబు చెప్పాలి.

4. మంచిచోటు రాకపోతే కుంగిపోవద్దు. తెలిసినవారికి ముందుగానే కబురు పెట్టాలి, తెలియనివారిని పిలిచే ఉపాయం చూడాలి, చోటు విడిచి మాత్రం పోకూడదు.

5. స్టాలులో నిలబడేవారికి ధర, డెలివరీ తేదీ, రిపేరు సంగతి క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. సెలవు దొరకనివారిని, పని లేనివారిని పంపే అలవాటు మానాలి. వైర్లు, బీమా కూడా చూసుకోవాలి. 2019ని మరవరాదు.

6. రాసుకున్న ప్రతి పేరుకూ జవాబు వెళ్లాలి, అదీ ఆ రాత్రే మొదలుకావాలి. మొదటి అయిదూ సక్రమంగా చేసి ఇది ఒక్కటి వదిలేస్తే, నమ్మి వచ్చినవాణ్ణి మోసం చేసినట్లే. అసలు రాసుకోకుండా ఉండడమే మేలు.

ఇవన్నీ ఇప్పుడెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. కారణం ఉంది. ఇవాళ మన సభ్యుల కోడళ్లు, కూతుళ్లు మహిళా సంఘాల తరఫున సరస్ ప్రదర్శనల్లో పచ్చళ్లు, చీరలు పెడుతున్నారు. మనుమలు కొత్త కంపెనీలు పెట్టి హైటెక్స్‌లో స్టాళ్లు తీసుకుంటున్నారు. స్టాలు అద్దెకు అప్పు చేసినవారు కూడా వారిలో ఉన్నారు. వచ్చినవారి పేర్లు రాసుకునే పని ఇప్పుడు ఫోనులోనే అయిపోతోంది. రిజిస్టరు మోయనక్కరలేదు, తపాలా డబ్బా వెతకనక్కరలేదు. కాని చెక్క అల్మరాలో మూలిగినట్లే పేర్లు ఫోనులోనూ మూలుగుతాయి. జవాబు రాయవలసినది మనిషే.

అక్కడ మనం పనికివస్తాం. వారి స్టాలులో ఒక కుర్చీ వేయించుకుని కూర్చుందాం. వచ్చినవారు చెప్పేది ఓపికగా వినడం, స్ఫుటంగా రాసుకోవడం, రాత్రికి రాత్రి జవాబులు పంపించడం ముప్పయ్యేళ్లు ఫైళ్లు నడిపిన మనకు కొత్తవి కావు. మనం చేసిన పొరపాటు మన పిల్లలు చేయకుండా చూడడంకన్నా మన అనుభవానికి వేరే సార్థకత ఏముంటుంది? ఆసక్తిగల సభ్యులు సంఘం కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవచ్చు. నమోదైన ప్రతివారికీ జవాబు వస్తుందని, ఈసారి నా పూచీమీద, హామీ ఇస్తున్నాను.

వచ్చే జనవరిలో, పాత వరుసలోనే కలుసుకుందాం.